నెవియో పెనాల్టీ
స్టేడియం ఎదుట కాఫీ బార్లో నెవియో రోజూ ఆ స్టేడియం గోడకు వీపు తిప్పి కూర్చునే కాఫీ తాగుతాడు. నిద్రలో ఇప్పటికీ కుడికాలు విసురుతాడని అతని భార్య అంటుంది. ఏళ్ళ క్రితం మా ఫుట్‌బాల్ క్లబ్బు పై డివిజన్‌కు ఎక్కాల్సిన రోజున అతను కొట్టిన పెనాల్టీని అవతలి గోల్‌కీపర్ ఆపేశాడు. ఆ తర్వాత క్లబ్బు కిందికి జారీజారీ మూతపడింది. నెవియో అమ్ముడుపోయాడని ఊరు తేల్చేసింది. "ఇంతకీ ఆ గోల్‌కీపర్ నీకేమవుతాడు మామా, బావమరిదా?" అని మంగలి సాంద్రో గిచ్చేవాడు. నెవియో కప్పు అంచు తుడిచేవాడు.

ఈ వసంతంలో క్లబ్బును మళ్ళీ నిలబెట్టారు. మొదటి ఆటకు ముందు, మర్యాద కోసం, నెవియోను ఒక పెనాల్టీ కొట్టమన్నారు. కొత్త గోల్‌కీపర్ తిజియానో జాలిపడి పక్కకు తప్పుకున్నాడు. నెవియో మొహం పాలిపోయింది. "వచ్చి నిలబడు. ఉత్త గోల్లోకి నేను కొట్టను. నిజంగా ఆడు," అన్నాడు. కొట్టాడు. బంతి నేరుగా మూలకు దూసుకుపోయింది. తిజియానో ఒళ్ళు ఊరుకోలేదు, ఒక్క దూకు దూకి పట్టేశాడు. "తప్పయిపోయింది పెద్దాయనా," అన్నాడు తిజియానో, ఏడుపు గొంతుతో. నెవియో అతని భుజం తట్టి జనం వైపు తిరిగాడు. "చూశారుగా? ఆ రోజూ ఇంతే జరిగింది."