మెట్టు దిగే మోకాలు

జూలై పద్నాలుగు, మంగళవారం, ఉదయం పదిన్నర. బీదర్‌లో ఒక స్కానింగ్ సెంటర్. ఉన్నవాళ్ళు: నేను, నా భార్య సుశీల, ఎమ్మారై తీసే అమ్మాయి, బయట కుర్చీల్లో ఇంకో ఇద్దరు మోకాళ్ళ నొప్పులవాళ్ళు.

యంత్రంలో కుడికాలు పెట్టి పడుకుంటే ఎవరో రేకుల కప్పు మీద సుత్తితో ఆగకుండా కొడుతున్నట్టు చప్పుడు. చెవుల్లో దూది పెట్టినా పళ్ళదాకా అదిరింది. అంతా అయ్యాక ఆ అమ్మాయి నన్ను తెర ముందు కూర్చోబెట్టింది. "తాతా, జర ఇటు చూడుండ్రి. ఎముక కొసకు బూడిద రంగు పట్టీ లెక్క ఉన్నది గదా, అదే మీ గుజ్జు. ఈడ పల్చగైంది" అంది.

నేను తెర దగ్గరికి వంగి చూశాను. ముప్పై నాలుగేళ్ళు ఎక్స్‌రే పని చేసి రిటైరైన మనిషిని. ఎన్ని మోకాళ్ళు తీశానో లెక్క లేదు. మా ఆసుపత్రిలో ఎమ్మారై లేదు కాబట్టి, తెర మీద గుజ్జును ఇలా చూడటం నాకు ఇదే మొదలు. ఎక్స్‌రేలో గుజ్జు కనిపించదు. రెండు ఎముకల మధ్య నల్లటి సందు మాత్రం కనిపిస్తుంది. ఆ సందు ఎంత ఉంటే గుజ్జు అంత మిగిలి ఉన్నట్టు. ఖాళీగా కనిపించేచోట ఉన్నదేమిటో చదవడం నాకు నేర్పిన మనిషి సరోజినమ్మ. ఇంటికి వచ్చి పాత డైరీలు దించాను.

సరోజినమ్మ మా ఎక్స్‌రే గదికి పెద్ద. రోజూ భాల్కి నుంచి మొదటి బస్సుకు వచ్చేది. పొట్టి మనిషి, కళ్ళజోడుకు నల్లదారం. ఇంట్లో తెలుగు, వచ్చిన రోగి ఏ భాషవాడైతే ఆ భాష. నేను జహీరాబాద్ నుంచి ఉద్యోగానికి వచ్చిన మొదటి రోజు నా సర్టిఫికెట్లన్నీ ఒక్కొక్కటిగా చదివి, "చదువు మంచిగనే తెచ్చుకున్నవ్. కండ్లు గూడ తెచ్చినవా, ఇంటికాడ పెట్టి వచ్చినవా?" అంది. నాకు చిన్నప్పటి నుంచి డైరీ అలవాటు. పనిలో చూసినవన్నీ రాసుకుంటుంటే, "ఇగో, నేను తుమ్మిన గూడ రాస్తడు ఎంకటయ్య" అని వచ్చినవాళ్ళందరికీ చెప్పేది.

ఆమె చెప్పే తీరుకు ఉదాహరణగా ఒకటి గుర్తుంది. నౌబాద్ నుంచి ఒకావిడ పేడా మిఠాయి డబ్బాతో వచ్చింది. మోకాళ్ళలో గ్యాప్ వచ్చిందని ఊరంతా భయపెట్టారట. డాక్టరేమో సందు తగ్గిందన్నాడు. ఇక నయమైనట్టే అనుకుంది. సరోజినమ్మ ఆమెను కూర్చోబెట్టి, ఫిల్ము వెలుతురుకు పెట్టి, "ఆ సందుల ఉండేదే గుజ్జు బిడ్డా. సందు తగ్గిందంటే అది అరిగింది" అని నెమ్మదిగా చెప్పింది. ఆవిడ ముఖం వాడిపోయింది. సరోజినమ్మ ఒక పేడా నోట్లో వేసుకుని, "పేడా మాత్రం మస్తుగున్నది. ఇగ కాలు చాపు, తొడకు బలమొచ్చే కసరత్తు చూపిస్త. అది చేసినంక మల్ల తేవాలె, ఇంకో డబ్బా" అంది. ఆవిడ నవ్వుతూనే ఇంటికి వెళ్ళింది.

ఇక ఈరన్న సంగతి. నేను చేరిన రెండో ఏడు. చిమ్కోడ్ మనిషి, గంజ్‌లో, అంటే ధాన్యం మార్కెట్లో, మల్లప్ప మేస్త్రీ జట్టులో హమాలీ. ఆ జట్టులో ఎనిమిది మంది. ఒకడు వెనకబడితే వాడి మూటలు మిగతావాళ్ళ వీపుల మీదికి వస్తాయి. ఈరన్న నెలరోజులుగా కుడి మోకాలు నొప్పి అంటున్నాడు. చూస్తే చక్కగా నడుస్తున్నాడు, లారీ ఎక్కుతున్నాడు. జట్టు నమ్మలేదు. పనిదొంగ, కామ్‌చోర్ అన్నారు. ఆసుపత్రి నుంచి కాగితం తెస్తేనే జట్టులో ఉంటావని మల్లప్ప తేల్చి చెప్పాడు.

"సార్, నాకు రోగమున్నదని రాసియ్యుండ్రి. లేకుంటే నేను అబద్ధాలోన్నయిత" అన్నాడు నాతో. ఆ రోజు సరోజినమ్మ సెలవు. పద్ధతి ప్రకారం రెండు మెట్ల పీట ఎక్కించి, నిటారుగా నిలబెట్టి, రెండు మోకాళ్ళూ తీశాను. సందు నిండుగా ఉంది. డాక్టరు లోపమేమీ లేదని రాశాడు. ఈరన్న ఆ కాగితాన్ని అటూ ఇటూ తిప్పి చూశాడు. "నొప్పి నాకాడ ఉన్నది, కాయితంల లేదు" అనుకుంటూ వెళ్ళిపోయాడు.

రెండు రోజుల తర్వాత సరోజినమ్మకు చెప్పాను. "ఫిల్ము మంచిగనే వచ్చింది అక్కా. ఆ మనిషే…"

"ఆ మనిషే ఏంది?"

"వేషాలేమోనని."

ఆమె చేతిలో పని పక్కన పెట్టింది. "డైరీ తియ్యి. ఏం రాసినవో చదువు."

చదివాను. ఈరన్న, చిమ్కోడ్. రెండు మోకాళ్ళు, నిలబెట్టి. పీట తేలిగ్గా ఎక్కాడు. దిగేటప్పుడు గోడ పట్టుకున్నాడు. సందు బాగుంది.

"మల్ల చదువు" అంది. మళ్ళీ చదివాను. "దిగేటప్పుడు గోడెందుకు వట్టుకున్నడు?"

నేను ఆ వాక్యం మీద వేలు పెట్టాను.

"చూసినవ్, రాసినవ్, సమజ్ చేసుకోలే. ఆయనకు నొప్పి లేచేది మూటతోని దిగేటప్పుడు, మోకాలు సగం వంగినప్పుడు. నువ్వేమో చక్కగ నిలబడ్డ మోకాలు తీసినవ్. నొప్పి ఉన్న తావు ఇడ్సిపెట్టి, లేని తావును ఫోటో దీస్తే ఏం దొరుకుతది?"

ఆ సాయంత్రం డ్యూటీ దిగాక నన్ను వెంటబెట్టుకుని ఆమే గంజ్‌కు నడిచింది. అప్పటికే ఈరన్నను పక్కన పెట్టారు. తూకం కాంటా దగ్గర ఒంటరిగా కూర్చుని ఉన్నాడు. జట్టంతా వినేలా సరోజినమ్మ, "తప్పు మాది. ఇంకో ఫిల్ము తీస్తం" అంది. నేను చేసిన తప్పును ఆమె తన మీద కూడా వేసుకుంది. నా పేరు ఎత్తలేదు.

"తీస్తనే ఉండుండ్రి అమ్మా, రోగం దొరికేదాంక!" అన్నాడు మల్లప్ప. అందరూ నవ్వారు.

"దొరకకపోతే ఆయన మూటలు నేనే వచ్చి మోస్త. సరేనా?" అంది సరోజినమ్మ. ఈసారి ఇంకా గట్టిగా నవ్వారు. ఈరన్న ఒక్కడే నవ్వలేదు.

మర్నాడు డాక్టరుగారు "ఏనమ్మా, మత్తె అదే మొణకాలా?" అని, మళ్ళీ అదే మోకాలా అన్నట్టు, కన్నడంలో విసుక్కున్నా చీటీ రాసిచ్చారు. ఆమె ఈరన్నను ఫిల్ము ఉండే ప్లేటు వైపు ముఖం పెట్టి నిలబెట్టింది. లారీకి ఆనించిన పలక మీద మూటతో దిగుతున్నట్టు వంగమంది. మోకాళ్ళు ప్లేటుకు ఆనాయి. తొడలు వణికాయి. "ఇప్పుడు నొస్తుందా?" అని అడిగింది. "నొస్తుందక్కా!" "అట్లనే ఉండు, జర ఓర్చుకో." వెనక నుంచి కిరణం వేసింది.

చీకటి గదిలోంచి తడి ఫిల్ము తెచ్చి, నేను తీసినదాని పక్కనే లైటు పెట్టెకు తగిలించింది. మనిషి అదే, మోకాలూ అదే. నా ఫిల్ములో నిండుగా ఉన్న సందు, కుడి మోకాలి లోపలి పక్కన ఈ ఫిల్ములో లేదు. ఎముక ఎముకను తాకుతోంది.

"ఇగో ఈరన్నా, నీ నొప్పి" అంది.

అతను దగ్గరికి వచ్చి వేలితో ముట్టుకున్నాడు. "ఉన్నది గదక్కా! నేను చెప్పలే? ఉన్నది గదా!" రోగం దొరికినందుకు అంత సంతోషపడిన మనిషిని నేను మళ్ళీ చూడలేదు. డాక్టరుగారు రెండు ఫిల్ములనూ చాలాసేపు చూసి, తన పాత రాతను తానే కొట్టేసి కొత్తగా రాశారు. మెట్లు దిగుతుంటే నొప్పి అనేవాళ్ళందరికీ ఇక ఇలాగే తీయమన్నారు. మోకాలు వంచి తీసే పద్ధతి పెద్ద ఊళ్ళ పుస్తకాల్లో ఉందని నాకు తర్వాత ఎప్పుడో తెలిసింది. సరోజినమ్మ ఆ పుస్తకాలు చదవలేదు. గోడ పట్టుకున్న ఒక మనిషి చేతిని చదివింది, అది కూడా నా రాతలోంచి. ఆమె కింద పనిచేశానని చెప్పుకోవడం నాకు ఈనాటికీ గర్వం. ఆమె పోయి చాలా ఏళ్ళయింది. ఆమె తర్వాత ఆ గదికి పెద్దనై, నా కింద చేరిన ప్రతివాళ్ళకూ యంత్రం సంగతి ఆనక చెప్పి, ముందు ఈ సంగతే చెప్పాను.

ఈరన్నకు ఆ ఫిల్ము తీసిన మరుసటి రోజు పొద్దున ఏం జరిగిందో డైరీలో ఉంది. మేం తలుపు తీసేసరికే మల్లప్ప మేస్త్రీ బయట నిలబడి ఉన్నాడు. ఫిల్ము చూపించమన్నాడు. కిటికీ దగ్గరికి తీసుకెళ్ళి తానే ఎత్తి పట్టుకుని చూశాడు. ఈరన్నను సంచుల మూతులు కుట్టే పనిలో కూర్చోబెట్టానని, జట్టులోంచి తీయనని చెప్పాడు. చెప్పినా కదల్లేదు. ఒకసారి వాకిలి వైపు చూసి, ధోతి మోకాలి పైకి లాగి, జేబులోంచి డాక్టరు చీటీ తీశాడు.

"అమ్మా, నాది గూడ చూడరాదు? పదేండ్ల సంది గిట్లనే ఉన్నది. జట్టోళ్ళకు మాత్రం చెప్పకుండ్రి."

సరోజినమ్మ నవ్వలేదు. చీటీ తీసుకుని నా చేతిలో పెట్టి, "నువ్వే తియ్యి ఎంకటయ్యా" అని చీకటి గదిలోకి వెళ్ళిపోయింది.

నేను స్విచ్చు ముట్టుకోలేదు, ప్లేటూ సర్దలేదు. "మేస్త్రీ, ముందుగాల మీరు మూట ఎట్ల దించుతరో చేసి చూపియ్యుండ్రి" అన్నాను.