సగం సీసా

ఇప్పటి బీర్లు నాకు నచ్చవు. పళ్లు జివ్వుమనేంత చల్లగా తెచ్చి ముందు పెడతారు, రుచి మాత్రం ఉండదు. ఈ మాటంటే పక్కవాళ్లు నవ్వుతారు, ముసలాయనకు పాతదంతా బంగారమే అని. నవ్వనీ. నాకు కావలసిన బీరు కొత్తకోటలో, ఓ రేకుల గదిలో, తడిగుడ్డ చుట్టి కిటికీకి వేలాడదీసిన గోధుమరంగు సీసా. అందులోనూ సగమే.

ఎనభైల చివర్లో అక్కడి బడిలో కొత్తగా చేరిన పంతుళ్లం ఇద్దరం ఆ గది కిరాయికి తీసుకున్నాం. నాతో ఉన్న పంతులుది నల్లగొండ జిల్లాలో కేతేపల్లి దిక్కు, నాది పాలమూరులోనే ఓ పల్లె. జీతం వచ్చిన వారం, ఆదివారం పూట, దుకాణంలో అన్నిటికన్నా చవకైన బీరు ఒక్కటంటే ఒక్కటి కొనేవాళ్లం. మా ఇంటి ఓనరుకే ఫ్రిజ్ లేదు, మాకెక్కడిది? తడిపిన తువ్వాల చుట్టి, సుతిలితో కిటికీ ఊచకు కడితే గాలికి ఊగి ఊగి సాయంత్రానికి కాస్త చల్లబడేది. చల్లబడిందని మేమే అనుకునేవాళ్లమేమో కూడా.

తలుపు గొళ్లెంతో మూత తీయడం నా పని. పల్లీలు వేయించడం, ఉల్లిగడ్డ కోయడం ఆయన పని. గ్లాసులు ముట్టేవాళ్లం కాదు. ఒక గుటక ఆయన, ఒక గుటక నేను, ఒకే సీసా. తాగిన ప్రతిసారీ సీసా మూతిని అంగీ అంచుతో తుడిచి నాకు అందించేవాడు.

"నీకు శుభ్రం పిచ్చి పట్టిందిరా" అని ఏడిపించేవాణ్ని. నవ్వి ఊరుకునేవాడు.

మా ఊరి కల్లు మండువలో దళితవాడ వాళ్లకు గ్లాసులు వేరే ఉండేవి. తాగాక వాళ్ల గ్లాసు వాళ్లే కడిగి, గోడ పక్కన బోర్లించి పోవాలి. ఆయన అలాంటి వాడ నుంచే వచ్చాడు. మా గదిలో అవేమీ లేవని నాకు లోలోపల గొప్పగా ఉండేది. ఆ గొప్ప తలుచుకుంటే ఇప్పుడు నా మీద నాకే ఒళ్లు మండుతుంది.

ఓ ఆదివారం మా చిన్నాయన, ముందురోజు పెబ్బేరు సంతలో ఎడ్లు చూసి, ఊరికి వెళ్తూ వెళ్తూ మా గదికి వచ్చాడు. మేం అప్పటికే మొదలుపెట్టాం. మా దిక్కు పెద్దల ముందు తాగడం అంత తప్పేమీ కాదు. చిన్నాయనకూ ఇవ్వబోతే చెయ్యి అడ్డం పెట్టాడు.

"గీ చేదునీళ్లకా జీతం తగలేస్తున్నరు?" అని నవ్వి, నా దోస్తు వైపు తిరిగాడు. "ఏ ఊరు పిలగా నీది? ఎవలోళ్లు?"

ఆయన దాచలేదు. ఊరు చెప్పాడు, వాడ కూడా చెప్పాడు. చిన్నాయన "అట్లనా" అని భుజం మీది కండువా సర్దుకుని నా వైపు చూశాడు.

గుటక వంతు నాది. ఆయన ఎప్పటిలాగే మూతి తుడిచి సీసా చాపాడు. చిన్నాయన ఊళ్లోకి పోయి ఏం చెప్తాడో, నాయిన ముఖం ఎట్లా చూడాలో, అదొక్కటే నా బుర్రలో తిరిగింది. లేచి గూట్లోంచి స్టీలు గ్లాసు తెచ్చి నా దోస్తు ముందు పెట్టాను.

"నాకియ్యాల వద్దు. గిండ్ల పోసుకొని నువ్వే తాగు."

ఆయన నా వైపు చూడలేదు. మిగిలిన బీరంతా గ్లాసులో పోసుకుని తాగాడు. బయటికి పోయి గ్లాసు కడిగి తెచ్చి, గది తలుపు పక్కన, గోడకు ఆనించి బోర్లించాడు.

గొడవ పడలేదు. పడితే బాగుండేది. మరుసటి నెల సీసాలు తనే తెచ్చాడు, రెండు.

"ఒకటి మీకు, ఒకటి నాకు" అన్నాడు. అంతకుముందు నన్ను ఎన్నడూ మీరు అనలేదు. ఆ రోజు మొదటిసారి నిండు సీసా తాగాను. ఒకే చాప మీద కూర్చున్నా నాకు ఎవరూ లేనట్టే ఉంది. ఆ ఏడే బదిలీ పెట్టుకుని సొంత జిల్లాకు వెళ్లిపోయాడు.

క్షమించమని అడగడానికి నాకు ఏళ్లు పట్టింది. మద్యనిషేధం ఎత్తేసిన తర్వాత, వెతుక్కుంటూ కేతేపల్లి దిక్కు పోయాను. సంచిలో కావాలనే ఒక్క సీసానే పెట్టుకున్నాను. చెప్పాల్సింది నోటికి రాకపోయినా అది చెబుతుందనుకున్నాను. ఆయన ఎంతో మర్యాదగా కుర్చీ వేశాడు. నేను సీసా తీసి ముందు పెట్టాను.

"నేను బంద్ చేసిన సార్. మీరు తాగున్రి."

లోపలికి పోయి గ్లాసు తెచ్చి, తువ్వాలతో శుభ్రంగా తుడిచి నా ముందు పెట్టాడు. పోసుకున్నాను. పిల్లల చదువులు, జీతాలు, వానలు అన్నీ మాట్లాడాం. నేను అనాలనుకున్న మాట తప్ప.

సగం సీసా అట్లాగే మిగిలింది. గ్లాసు పట్టుకుని కడగడానికి లేచాను. ఆయన నా చేతిలోంచి తీసుకున్నాడు.

"ఉండనీయున్రి సార్. మేం కడుగుతం."