ఎడమవైపు సీటు

డ్రైవింగ్ స్కూల్లో అందరూ ఆవిడను బ్రేకమ్మ అనేవారు. ఎదురుగా కాదు, వెనకాల. ఆవిడకు తెలుసు, తెలిసినట్టు కనపడేది కాదు. స్కూలు కారులో ఎడమవైపు సీటు ముందు కూడా ఒక బ్రేకూ, ఒక క్లచ్చూ ఉంటాయి. నేర్చుకునేవాళ్ళు కుడివైపు స్టీరింగు పట్టుకుని చెమటలు కక్కుతుంటే, నేర్పేవాళ్ళు ఎడమవైపు కూర్చుని, అవతలివాళ్ళు బిత్తరపోయినప్పుడల్లా ఆ రెండో బ్రేకు తొక్కుతారు. ఆవిడ జీవితం ఆ సీట్లోనే వెళ్ళిపోయింది. ఉద్యోగం కోసం నేర్చుకునేవాళ్ళు, మొగుడి మీద పంతంతో వచ్చినవాళ్ళు, ముసలితనంలో సరదా పుట్టినవాళ్ళు, అందరినీ మార్కెట్టు వెనక ఆ నాలుగు వీధుల్లోనే తిప్పింది. ఒక రోడ్డు పట్టుకుని అది తీసుకెళ్ళినంత దూరం తనే బండి నడుపుకుంటూ పోయింది మాత్రం లేదు. సాయంత్రానికి స్కూలు కారు షెడ్డులో పెట్టి, బస్సెక్కి ఇంటికొచ్చేది.

రిటైరయ్యాక ఆవిడ కోరింది ఒక్కటే. ఎప్పుడో వారపత్రికలో బొమ్మ చూసింది: పరాయి దేశంలో సముద్రాన్ని ఒరుసుకుంటూ పోయే రోడ్డు. ఆ రోడ్డు మీద తను బండి నడపాలి. కళ్ళజోళ్ళ దుకాణం నడిపే భర్త సరేనన్నాడు, దుకాణం తమ్ముడికి అప్పజెప్పాడు. పోట్లాడుకోవడానికి అంత దూరం వెళ్ళాలా, ఇక్కడ చోటు సరిపోవడం లేదా అని ఆడపడుచు ఎకసెక్కమాడింది.

ఆ దేశంలో బండ్లన్నీ రోడ్డుకి కుడిపక్కన పోతాయి. కాబట్టి స్టీరింగు ఎడమవైపు. ఈ సంగతి తెలిసిన రోజు ఆవిడ చిన్నపిల్లలా సంబరపడింది. తన సీటుకే స్టీరింగు వచ్చిందంది.

తీరా అక్కడ దిగాక ఏమైందంటే, అద్దె కార్ల ఆఫీసులో ఆయన కౌంటరు దగ్గర నిలబడ్డాడు, ఈవిడ అలవాటు కొద్దీ కారు చుట్టూ తిరిగి టైర్లు కాలితో తన్ని చూస్తోంది. కౌంటరు మనిషి కళ్ళజోడు ఒక పక్కకి ఒరిగి ఉండటం ఆయన సహించలేకపోయాడు. అడిగి తీసుకుని, కాడలు వంచి, తుడిచి మళ్ళీ అతని ముక్కుమీద పెట్టాడు. ఆ స్నేహంలో కారు నడిపేది ఎవరని అతనడిగితే తన పేరొక్కటే చెప్పాడు. పేరు లేనివాళ్ళు స్టీరింగు ముట్టుకోకూడదు, ఏదన్నా జరిగితే బీమా వర్తించదు.

"నీకోసమేనోయ్," అన్నాడు తాళాలు ఊపుకుంటూ. "బతుకంతా రోడ్డు మీద ఒళ్ళు హూనం చేసుకున్నావు. ఈ నాలుగు రోజులన్నా పక్కన హాయిగా కూర్చో."

బతుకంతా పక్కన కూర్చున్న మనిషికి ఆయన ఇస్తున్న బహుమానం పక్కన కూర్చోవడం. ఆయన ముఖం చూస్తే ప్రేమతోనే చేశాడని తెలుస్తూనే ఉంది. అదే ఆవిడ ప్రాణానికి వచ్చింది, తిట్టడానికి కూడా లేకుండా. పేరు చేర్పించమంది. మళ్ళీ లోపలికెళ్ళి ఏం బావుంటుంది, దారిలో ఆ కంపెనీకి ఇంకో ఆఫీసు ఉందిలే, చూద్దాం అన్నాడు. ఆయన చూద్దాం అన్నవి చూసిన దాఖలాలు తక్కువ.

ఆయనకి బండి నేర్పింది కూడా ఆవిడే. ఆవిడ చేతికింద ఆయనంత మొద్దు విద్యార్థి ఇంకొకడు లేడు. బిగుసుకుని ముందుకి వంగి కూర్చుంటాడు, ముక్కు స్టీరింగుకి ఆనుతుందేమో అన్నట్టు. అద్దాల్లోకి చూడడు. ఊళ్ళో దుకాణానికీ ఇంటికీ మధ్య నడిపే చేతులు కొండవారన మెలికలు తిరిగే రోడ్డు మీద ఏం చేస్తాయో అదే చేశాయి. కుడివైపు కిటికీలోంచి సముద్రం కనిపిస్తూనే ఉంది, నీలంగా, ఎండలో తళతళలాడుతూ. ఆవిడ చూడలేదు. రోడ్డునీ, ఎదురొచ్చే లారీల్నీ, ఆయన చేతుల్నీ చూసింది. మలుపు వచ్చినప్పుడల్లా కుడికాలు తనంతట తను నేలని తొక్కేది. అక్కడ బ్రేకు లేదు, కాళ్ళ కింది పట్టా ఉంది. అది ముడతలు పడి సీటు కిందికి దూరిపోయింది. పిక్కలు పట్టేసి, దిగినప్పుడల్లా కుంటుతూ నడిచింది.

"నీ కాలు అక్కడేం తొక్కుతోంది?" అన్నాడాయన.

"మీ తల," అంది.

దారిలో ఆఫీసు వచ్చింది. భోజనం వేళట, మూసి ఉంది. కాసేపు ఆగుదామంది. ఎండ బాగా ఉన్నప్పుడే తర్వాతి ఊరు చేరాలి, అక్కడ ఇంకోటి ఉంటుందన్నాడు. ఆవిడ మూతి బిగించుకుని కూర్చుంది. ఒక కొండ కొమ్ము దగ్గర ఆయనే బండి ఆపి, సముద్రం ముందు నిలబెట్టి ఫోటో తీస్తాననేసరికి, ఆ ఫోటోలో తన ముఖం ఎలా ఉంటుందో తలుచుకుని దిగనంది.

మర్నాడు రోడ్డు కాసేపు సముద్రాన్ని వదిలి పొలాల్లోకి దిగింది. రెండు పక్కలా నడుమెత్తు రాతి గోడలు, మధ్యలో ఒక్క బండికి సరిపడే దారి. ఎదురుగా పాల ట్యాంకరు వచ్చింది. వెనక్కి వెళ్ళాల్సింది వీళ్ళే. ఆయన రివర్సు వేశాడు, ఇంజను ఆపేసుకున్నాడు, మళ్ళీ వేశాడు. కుడివైపు గోడ దగ్గరికొస్తోందని ఆవిడ చెప్పింది. స్టీరింగు ఇటు తిప్పండి, ఇటు కాదు అటు, క్లచ్చు మెల్లిగా వదలండి అంది.

"నేను నీ స్టూడెంటుని కాదు. కాసేపు నోరు మూసుకుంటావా?"

ఆవిడ నోరు మూసుకుంది. గోడ దగ్గరికి రావడం చూస్తూనే మూసుకుంది. కాలు మాత్రం ఊరుకోలేదు, ఉన్న బలమంతా పెట్టి నేలని తొక్కింది. బండి ఆగలేదు. పక్క అద్దం రాతికి తగిలి, విరిగి వైరు పట్టుకుని వేలాడింది. ట్యాంకరు డ్రైవరు దిగొచ్చి, వేలాడే అద్దాన్ని వైరు ఊడదీసి లోపలికి అందించి వెళ్ళాడు. దాన్ని ఒళ్ళో పెట్టుకునే ఆవిడ, ఆ కంపెనీ ఆఫీసు ఉన్న రేవు ఊరి దాకా వచ్చింది.

అద్దం కోసమైనా ఆఫీసుకి వెళ్ళక తప్పలేదు. కొత్త అద్దం బిగించాక, ఆయన జరిగింది సర్దిచెబుతుంటే, ఆవిడ మధ్యలో దూరి తన లైసెన్సు కౌంటరు మీద పెట్టింది. తనకి వచ్చిన నాలుగు ఇంగ్లీషు ముక్కల్లో పేరు రాయమంది. కౌంటరు దగ్గరి అమ్మాయి ఆయన వంక చూసింది.

"ఆయన్నెందుకు చూస్తావు? లైసెన్సు నాది," అంది ఆవిడ, తెలుగులోనే. ఆ అమ్మాయికి అర్థమైనట్టే ఉంది, రాసేసుకుంది.

అలా ఆవిడ స్టీరింగు ముందు కూర్చుంది. సీటు సవరించుకుంది, అద్దాలు చూసుకుంది, బండి కదిలించింది. ఊరు దాటగానే మళ్ళీ సముద్రం. మొదటి మలుపులోనే బండి కీచుమని ఆగినంత పనయింది. ఆవిడే బ్రేకు తొక్కింది, అవసరం లేకుండా. మళ్ళీ కదిలించింది. రెండో మలుపులోనూ అంతే. మూడోదాంట్లో ఒళ్ళంతా చెమట పట్టింది. ఈ ఎడమవైపు సీట్లో కూర్చుంటే కాలికి తెలిసిన పని ఒక్కటే, ఆపడం. ఇన్నేళ్ళూ ఈ పక్కనుంచి ఏ బండినీ ముందుకు తోసింది లేదు. ముందు రోడ్డు ఖాళీగా ఉన్నా, ఎవడో బిత్తరపోతున్నాడన్నట్టు కాలు ఉరికి బ్రేకు మీద పడుతోంది. తనకే సిగ్గేసింది, తన మీద తనకే ఒళ్ళు మండింది. వెనక బండ్లు బారులు కట్టి హారన్లు మోగిస్తున్నాయి. సముద్రం ఎప్పుడు పక్కనుంచి తప్పుకుందో తెలియలేదు, చూసేసరికి రెండువైపులా పొలాలే.

వెడల్పుగా ఉన్నచోట బండి పక్కకి తీసి, వెనకవాళ్ళని పోనిచ్చింది. ఆయన తలుపు తీసుకుని దిగబోతూ, మెత్తగా అన్నాడు, "పోనీ నువ్విటు రా. నేను తీస్తాను."

"దిగకండి."

"అది కాదోయ్, నీకు కష్టంగా ఉంది."

"ఉండనివ్వండి. మీరు కూర్చుని అటు చూడండి."

"చూడ్డానికి ఏముంది? సముద్రం అయిపోయిందిగా."

"పొలాలున్నాయి. అవి చూడండి. నన్ను చూడకండి."

ఆయన తలుపు వేసుకున్నాడు. చేతులు ఒళ్ళో పెట్టుకుని, చెప్పినట్టే కిటికీ వైపు తిరిగాడు. చివరి లారీ కూడా దాటిపోయాక ఆవిడ బండిని రోడ్డెక్కించింది. ఎదురుగా రోడ్డు తిన్నగా ఉంది, పురుగు కూడా లేదు. అయినా కాలు బ్రేకు మీదికే వెళ్ళింది. దాన్ని లోలోపల తిట్టుకుంటూ తీసి, యాక్సిలేటరు మీద పెట్టింది.