చెవులపిల్లి అలక

మా అమ్మాయి కుందేలుకు గడ్డి మార్చడం ఆదివారాల్లో నా పని. తడిసిన గడ్డి వాసన తగిలితే నాకు ఎండు నెత్తళ్ల చేపలు గుర్తొస్తాయి.

నాకు ఆరేళ్లప్పుడు నాయన కోవూరు నుంచి ఒక కుందేలును తెచ్చాడు. మా పల్లెలో దాన్ని చెవులపిల్లి అనేవాళ్లు. పిల్లి అన్నాక చేపలే తింటుందనుకున్నాను. అది కింద పరిచిన గడ్డి నములుతుంటే, ఆకలి తట్టుకోలేక తన పరుపునే తింటోందని జాలిపడ్డాను.

ఆ వారం సముద్రం బాగాలేక పడవలు కదల్లేదు. అన్నంలోకి తలా రెండు ఎండు నెత్తళ్లే. ఒకటి దాని ముందు పెడితే మూతి తిప్పుకుంది. ఒకటే పెట్టానని అలిగిందనుకుని, మర్నాటి నుంచి రెండూ దాని గడ్డి కిందే దాచాను.

నాలుగో రోజు గడ్డి మారుస్తూ అవ్వ వాటిని చూసింది.

"ఇవెవురు పెట్టినారే?"

"నేనే. పిల్లికి."

అవ్వ నవ్వలేదు. "పేరుకే పిల్లి తల్లీ, తినేది గడ్డే" అని, ఆ పూట తన నెత్తళ్లు నా కంచంలో వేసింది.

మా అమ్మాయి తన కుందేలును కుందేలనే అంటుంది. ఆ పొరపాటు తను చేయదనుకున్నాను. ఈరోజు గడ్డి అడుగున సగం కొరికిన చాక్లెట్ దొరికింది.

నేనూ నవ్వలేదు.