మేడ మీది రెండో రిజిస్టరు

దయ్యాలంటే నాకు చచ్చినా నమ్మకం లేదు. ఎదురుగా ఒక దయ్యం వచ్చి నిలబడితే పేరు, వయసు అడిగి, చీటీ రాసి, వరసలో నిలబెట్టే రకాన్ని. డెబ్బైల చివర్లో పాకాలలో ఒక ప్రైవేటు ఆస్పత్రిలో నా ఉద్యోగమే అది.

ఒకసారి మా రిజిస్టర్లన్నీ చెదలు తినేశాయి. దాంతో డాక్టరుగారు ప్రతి రోగి వివరాలూ రెండు చోట్ల ఉండాలన్నారు. కింద నా దగ్గర ఒకటి, మేడ మీద కూర్చునే గుమాస్తా సరోజక్క దగ్గర ఒకటి.

నేను కిటికీలోంచి పేరు, జబ్బు, పడని మందు అరిచేవాణ్ణి. అక్క రాసుకుని, రాసింది తిరిగి చదివి, “రాసినాన్రా అబ్బయ్యా, ఇంకొకర్ని పిలుసుకో” అనేది. ఆ మాట వినబడేదాకా రెండో మనిషిని పిలవకూడదు. అందరి అజీర్తులూ ఊరందరికీ తెలిసిపోయేవి. వరస పక్క రాష్ట్రంలోని కాట్పాడి దాకా పోయేది. “నిలబడి నిలబడి జొరమే తగ్గిపాయె, నేను పోతాండా” అని వెళ్ళిపోయిన తాత కూడా ఉన్నాడు.

తొందరపెడితే అక్క, “తొందరేముండాదిరా, రాసేది మనిషిని గదా” అనేది. మధ్యాహ్నం తన క్యారియర్లో సగం సంగటి నాకే పెట్టేది.

ఆ ఏడు వానాకాలంలో అక్క గుండె ఆగి చనిపోయింది. ఆ కిటికీలోంచి ఇంకొకరి గొంతు వినడం నావల్ల కాలేదు. వారానికోసారి, శనివారం, పై రిజిస్టరులోకి నేనే మొత్తం ఎక్కిస్తానని డాక్టరుగారిని ఒప్పించాను. వరస గంటలో కరిగిపోయేది. అందరూ మెచ్చుకున్నారు.

రెండు నెలలకు, ఒక గురువారం కప్పు కారింది. కింది రిజిస్టరులో ఆ వారం పేజీలన్నీ నీలిరంగు చారైపోయాయి.

మర్నాడు ఉదయం లక్ష్మమ్మ అనే కూలిమనిషిని మంచం మీద మోసుకొచ్చారు. ఒళ్ళు కాలిపోతోంది, స్పృహ లేదు. మంగళవారం తన కాళ్ళతో తనే వచ్చి వివరాలు చెప్పిన మనిషి.

డాక్టరుగారు సూది చేతిలో పట్టుకుని అడిగారు: “ఈమెకు పడని మందేదన్నా ఉండాదా? యాడ రాసినావప్పా?”

“నాకు తెల్దు సార్, అదంతా ఆమెకే తెలుసు” అని ఆమె మొగుడు ఏడ్చేశాడు. నాకేమో ఏదో రాసిన గుర్తు. ఏం రాశానో గుర్తు లేదు.

మేడ మీదికి పరిగెత్తాను. శనివారం ఇంకా రాలేదు, పై రిజిస్టరులో ఆ వారం ఉండదని తెలుసు. అయినా పరిగెత్తాను. తాళం వేసే ఉంది, తాళంచెవి నా మొలతాడుకే ఉంది.

పోయిన శనివారం నేను గీకిన కాకి గీతల కింద ఒకే ఒక్క వరస ఉంది. లక్ష్మమ్మ, ముప్పై ఏళ్ళు, పెన్సిలిన్ పడదు. ఉండ్రాళ్ళలాంటి గుండ్రటి అక్షరాలు. ఆ వారం వచ్చిన మిగతా వాళ్ళెవరూ అందులో లేరు.

డాక్టరుగారు మందు మార్చారు. మూడో రోజుకు లక్ష్మమ్మ లేచి కూర్చుని గంజి అడిగింది. మునుపొకసారి ఆ సూదితోనే చావుదాకా పోయి వచ్చిందట.

సోమవారం నుంచి మళ్ళీ పాత పద్ధతే పెట్టించాను. మేడ మీద కొత్తగా చేరిన అమ్మాయి పేజీలు తిప్పుతూ, “ఇది ఎవురి రాతన్నా, శానా బాగుండాది” అంది.

మా సరోజక్కదని చెప్పాను. ఎప్పుడు రాసిందని అడిగింది. నేను కిందికి దిగి, వరసలో మొదటి మనిషిని పిలిచాను.