పక్కదుప్పటికి వేసిన కుట్లు

మా అన్న భార్య దర్జీ. ఆమె కుట్టిన బట్టకు వంక పెట్టినవాళ్లు లేరు. నేను మాత్రం ఆమెకే ఒక వంక పెట్టేదాన్ని: చేతి కింద ఏదీ కదలకూడదు. మిషను మీద గుడ్డ కాస్త జరిగితే దాని ఏడు తరాలనూ తిట్టేది.

ఆమె కూతురు మూడు నెలలు ముందే పుట్టింది. పిడికెడంత ఉండేది కాబట్టి అందరం పిడికెడు అనే పిలిచాం. ఎదగని ఊపిరితిత్తులు ఆసుపత్రిలో యంత్రం గాలి మీద నెట్టుకొచ్చి దెబ్బతిన్నాయి. చివరికి ముక్కుకు ఆక్సిజన్ గొట్టంతోనే ఇల్లు చేరింది. పాదానికి రక్తంలో ఆక్సిజన్ చూపే చిన్న మీటరు. అంకె తొంభై కంటే కిందికి దిగితే అది కూసేది, వదిన మిషను వదిలి పరిగెత్తేది.

రెండో వారంలోనే పాప కాలు తగిలి గొట్టం ఊడింది. పెదాలు నీలమయ్యాయి. మర్నాడు వదిన పాప పక్కదుప్పటి అంచుకు గుడ్డ పట్టీలు కుట్టి, గొట్టాన్ని వాటిలోంచి దూర్చి బిగించింది. మళ్లీ ఊడలేదు. భేషుగ్గా ఉందని మెచ్చుకున్నది నేనే, నా తెలివి తెల్లారినట్టే ఉంది.

పాపకు పది నెలలు నిండాయి. ముందుగా పుట్టిన మూడు నెలలు తీసేసినా ఏడు. అయినా బోర్లా పడదు, వెల్లకిలా పడుకుని పైకప్పు చూస్తుంది.

"ఇంకో నెల చూద్దాం. అప్పటికీ తిరగకపోతే మెదడు స్కాన్ తీయాలి," అన్నాడు డాక్టరు.

ఆ నెలంతా వదినకు అదే పని. "ఒక్కసారి తిరగవే తల్లీ," అని మిషను ఆపి మరీ బతిమాలేది.

గడువు రోజున ఆసుపత్రిలో పిల్లలకు వ్యాయామాలు చేయించే ఆవిడ, "ఇంట్లో ఎలా పడుకోబెడతారో అలాగే పడుకోబెట్టండి," అంది. వదిన సంచిలోంచి ఆ దుప్పటే తీసి పరిచి, గొట్టాన్ని పట్టీల్లో దూర్చింది.

ఆవిడ ఎడమవైపు గిలక్కాయ ఆడించింది. పిడికెడు కాలెత్తింది, నడుము తిప్పింది, భుజం లేచింది. గొట్టం బిగిసి చెంప మీది టేపు లాగింది. పాప మొహం ముడిచి వెనక్కి పడింది. రెండోసారీ అంతే. మూడోసారి గిలక్కాయ వైపు చూడనే లేదు.

"తిరగడం రాక కాదమ్మా. తిరిగితే లాగుతుందని తెలిసిపోయింది," అంది ఆవిడ.

వదిన సంచిలోంచి కత్తెర తీసింది. పట్టీలు ఒక్కొక్కటే కోసేసింది. గొట్టం దుప్పటి మీద వదులుగా పడింది.

మళ్లీ గిలక్కాయ ఆడింది. చాలాసేపు ఏమీ జరగలేదు. తర్వాత పిడికెడు ఒక్క ఊపున బోర్లా పడింది. ఒక చెయ్యి కిందే ఇరుక్కుంది. తొంభై రెండు. తొంభై. ఎనభై తొమ్మిది. మీటరు కూసింది. వదిన చేతులు ముందుకు ఉరికాయి.

"ఆగండి. పెదాలు బాగానే ఉన్నాయి, గొట్టం నేను చూస్తున్నా. తలెత్తనివ్వండి."

వదిన రెండు చేతులూ తన తొడల కింద పెట్టుకుని వాటి మీద కూర్చుంది. పాప అలిసిపోయి మూలిగింది, చెయ్యి లాక్కుంది, వణుకుతూ తలెత్తింది. తొంభై ఒకటి. తొంభై మూడు.

"ఇక చేతులు తియ్యి వదినా," అన్నాను ఏడుస్తూ.

"ఇంకాసేపు ఉండనీ," అంది పాప మీంచి చూపు తిప్పకుండా. "తీస్తే మళ్లీ పట్టుకుంటాను."