రాక్షసికి ఒడిబియ్యం

నాకు ముక్కు మీదే కోపం. పైగా లెక్కల టీచర్ని. ఈ రెండూ ఉన్న మనిషి చేతికి ఆట నడిపే పని ఇవ్వకూడదని మావాళ్లకు తోచలేదు, ఇచ్చేశారు. పుణెలో ఉద్యోగం చేసే స్నేహితురాలు ఆఫీసులో ఈ ఆట నేర్చుకుని మాకు అంటించింది. మొదట తనే నడిపింది. నేను ప్రతిదానికీ అడ్డం తగులుతుంటే విసుగొచ్చి, నువ్వే నడుపుకో తల్లీ అని వదిలేసింది. అప్పటినుంచీ, అంటే రెండేళ్లుగా, ఆదివారం మధ్యాహ్నాలు నావే.

ఆట కష్టమేమీ కాదు. ఒకరు కథ చెబుతారు. మిగతావాళ్లు ఆ కథలో ఒక్కో మనిషిగా ఉండి, తమ మనిషి ఏం చేస్తుందో చెబుతారు. చేసింది ఫలించిందా లేదా అన్నది ఇరవై ముఖాల పాచిక తేలుస్తుంది. ఎంత పెద్ద సంఖ్య పడితే అంత మంచిది. మేం నలుగురం కామారెడ్డి హాస్టల్లో ఒకే గదిలో ఉండి ఇంటర్ చదివినవాళ్లం. ఇప్పుడు ఒకామె పుణె, ఒకామె మస్కట్‌లో నర్సు, ఒకామె బిచ్కుందలో సోయా, పత్తి పండించే పెద్ద కుటుంబానికి కోడలు. నేను వారమంతా కామారెడ్డిలో పాఠాలు చెప్పి, శనివారం సాయంత్రం బస్సెక్కి ఎల్లారెడ్డిలో మా ఇంటికి వస్తాను. నా కథలన్నీ ఆ బస్సులో, లింగంపేట దాటాక కిటికీలోంచి అడవి చూస్తుంటే పుట్టినవే. ఆదివారం భోజనాలయ్యాక డాబా మెట్ల మీద ఫోను నిలబెట్టుకుని కూర్చుంటాను.

నా ఆటకు ఒక రూలుంది. పాచికను స్టీలు కంచంలో వేయాలి, ఫోను కంచం వైపు తిప్పాలి. బిచ్కుందలో సిగ్నల్ పోయి బొమ్మ ఆగిపోయినా, కంచంలో పాచిక గలగలలాడిన చప్పుడైనా వినబడాలి. పడిందే లెక్క. బతిమాలినా మార్చను. ఒకసారి నర్సు పాత్రను ఎలుగుబంటి చంపేస్తే ఆమె వారమంతా నాతో మాట్లాడలేదు. అయినా మార్చలేదు.

ఆ రూలే చివరికి నా మెడకు చుట్టుకుంది. బిచ్కుంద ఆమె పాత్ర వడిసెల తిప్పే పిల్ల. చేలో పిట్టల్ని తోలే వడిసెలతోనే దొంగల్నీ తోడేళ్లనీ తరిమేది. మొదటి ఆట నుంచి బతికి ఉన్నది అదొక్కతే. ఒక ఆదివారం దానికి దెబ్బ మీద దెబ్బ తగిలి, ప్రాణం ఒక్క పాయింటు మిగిలింది. ఫోను పెట్టేసే ముందు ఆమె మామూలుగానే చెప్పింది.

"ఇది సచ్చిపోతే నేను బంద్ జేస్త. కొత్త మనిషిని తయారు జేసుకునే ఓపిక లేదు నాకు. ఇంట్ల గూడ ఐతారం పూట ఫోన్ల ఏంది ముచ్చట్లని అంటున్నరు."

ఆ వారం నాకు పాఠాలు సరిగా సాగలేదు. ఆట లేకపోతే మేం నలుగురం ఏమవుతామో నాకు తెలుసు. పొద్దున్నే పువ్వుల బొమ్మలు పంపుకునే వాట్సాప్ గ్రూపవుతాం. పుట్టినరోజుకు కేకు బొమ్మ, పండక్కి దీపం బొమ్మ. నాకవి వద్దు. నాకు ఆమె నవ్వు కావాలి. హాస్టల్లో ఆమె నవ్వితే వార్డెన్ పై అంతస్తు నుంచి దిగొచ్చేది.

కానీ వచ్చే ఆదివారం యుద్ధం తప్పదు. కథలోని ఊరికి ఏటా కోతలయ్యాక గుట్ట దిగివచ్చి, వడ్లన్నీ ఊడ్చుకుపోయే రాక్షసి ఒకటుంది. అది దిగే రోజు వచ్చేసింది. దాని దెబ్బ ఒక్కటి తగిలితే చాలు, వడిసెల పిల్ల పోతుంది. బస్సులో వస్తూ రాక్షసి బలం కాస్త తగ్గిద్దామా అనుకున్నాను. అనుకున్నందుకు నా మీద నాకే కోపమొచ్చింది. పడిందే లెక్కని రెండేళ్లు వాళ్లను సతాయించి, ఇప్పుడు నేనే తొండి ఆడతానా?

ఆదివారం గొంతు బొంగురు చేసి, రాక్షసి దిగుతోందని చెప్పాను. కింద నుంచి మా అమ్మ దగ్గు మందు కావాలా అని అడిగింది. నర్సు కత్తి దూస్తానంది. పుణె మంత్రం చదువుతానంది. నువ్వేం చేస్తావని బిచ్కుంద ఆమెను అడిగాను.

"ఒడిబియ్యం పోస్త," అంది.

ఎవరికని అడిగాను. రాక్షసికేనట.

నాకు ఒళ్లు మండింది. నెల రోజులు కూర్చుని యుద్ధం తయారుచేస్తే ఇదేం వేళాకోళం అన్నాను. పెళ్లయి వెళ్లిన ఆడబిడ్డను పుట్టింటికి పిలిచి, పసుపు కలిపిన బియ్యం, ఎండుకొబ్బరి కుడుకలు, రవికె గుడ్డ ఒళ్లో పోసి పంపుతారు గానీ, రాక్షసికి ఎవరైనా పోస్తారా? అది ఆ ఊరి ఆడబిడ్డ ఎలా అవుతుందో చెప్పమని నిలదీశాను.

"నువ్వే చెప్పినవ్ గదనే. ఏటేట గా ఒక్క ఊరికే వస్తది. పక్కన గన్ని ఊర్లున్నా పోదు. బంగారం ముట్టదు, మనుషుల ముట్టదు, వడ్లే కొంటవోతది. పిల్వకున్నా గట్ల ఒక్క ఇంటికే ఎవలొస్తరు? ఆడిబిడ్డే వస్తది. ఎవ్వలు పిలుస్తలేరని కోపం దానికి."

కథ అల్లింది నేను, ఆ సంగతి మాత్రం నాకు తట్టలేదు. బంగారం ఎంత, మనుషులు ఎందరు అని ఆలోచించడానికి బద్ధకమేసి వడ్లతో సరిపెట్టాను, అంతే. అయినా టీచర్ని కదా, వెంటనే ఒప్పుకుంటే ఎలా? పదిహేను పడితే రాక్షసి ఒడి పడుతుందనీ, లేకపోతే మీద పడుతుందనీ చెప్పాను. ఆమె కంచంలో పాచిక వేసింది. రెండు పడింది.

అయిపోయిందనుకున్నాను. ఇంతలో నర్సు, ఒడిబియ్యం ఒక్కరే పోస్తారా, నేనూ పోస్తున్నానంది. నిజమే, అమ్మ పోశాక వదినలూ చిన్నమ్మలూ వాడకట్టువాళ్లూ వరసగా పోస్తారు. ముగ్గురి పాచికలు కలిపే పద్ధతి లేదని నేను అడ్డం పడ్డాను. ఒళ్లో పడ్డ బియ్యంలో ఎవరి దోసెడు ఏదో వేరు చేసి చూపించమంది పుణె. సరే, వేయండన్నాను. నర్సుకు ఏడు పడింది, పుణెకు ఐదు. మొత్తం పద్నాలుగు.

ఒకటి తక్కువ. పోనీ పదిహేను అనుకో అని ఎవరూ నన్ను అడగలేదు. అలా అడగకూడదని నేర్పింది నేనే. అప్పుడు నాకు నిజంగా ఏడుపొచ్చింది.

"నువ్వు పొయ్యవా?" అంది బిచ్కుంద ఆమె. "నువ్వు గా ఊరిదానివి కావా?"

ఆట నడిపే మనిషి పాచిక ఎప్పుడూ శత్రువు తరఫునే పడుతుంది. ఇటువైపు వేయకూడదని ఏ రూలూ లేదు, నేనే ఎన్నడూ వేయలేదు. కంచం ముందుకు లాక్కున్నాను. ఎంత పడినా చాలని తెలుసు, ఒకటి కంటే తక్కువ ముఖం పాచికకు ఉండదు. అయినా కళ్లు మూసుకునే వేశాను. గలగలా తిరిగి పద్దెనిమిది పడింది. బిచ్కుంద నుంచి వచ్చిన నవ్వుకు ఫోను స్పీకరు బొయ్యిమంది. మా అమ్మ మెట్లెక్కి వచ్చి ఏమైందని అడిగింది. రాక్షసికి ఒడిబియ్యం పోశామన్నాను. రవికె గుడ్డ పెట్టారా అని అడిగి, పెట్టామంటే దిగి వెళ్లిపోయింది.

ఇక రాక్షసి మాట్లాడాలి. గర్జించడానికి అట్టిపెట్టుకున్న గొంతు ఎటు పోయిందో, ఎంత వెతుక్కున్నా దొరకలేదు. నిండిన ఒడి పట్టుకుని రాక్షసి వడిసెల పిల్లను, కన్నతల్లిని అడిగినట్టు అడిగిందన్నాను.

"మల్ల ఎప్పుడు రావాలె అవ్వా? వచ్చే యాడాదికా?"

బిచ్కుంద ఆమెను వెనక నుంచి ఎవరో పిలుస్తున్నారు. వస్తున్నానని కేకేసి, ఫోను నోటి దగ్గరికి తెచ్చుకుంది.

"యాడాది దాక ఎందుకు బిడ్డా? ఐతారం రా."